మెడ దాకా కనిపించిన మనిషి

మొన్న మా మనవరాలు, నల్లకోటు వేసుకుని నా వృత్తిలోకే వచ్చిన పిల్ల, చింతాద్రిపేటలోని మా భోజనాల బల్ల మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని కేసు నడుపుతుంటే పక్కనుంచి తొంగిచూశాను. తెర మీద ఓ మూల, జైల్లో ఉన్న కుర్రాడి ముఖం, మెడ దాకా మాత్రమే. బాగున్నావా అని మేజిస్ట్రేటు అడిగారు, వాడు తలూపాడు, రిమాండు పొడిగించారు, తెర ఆరిపోయింది. నా కంచంలో సాంబారన్నం ఇంకా చల్లారనే లేదు.

మన కాలంలో ఖైదీని వ్యానులో కోర్టుకు తెచ్చేవారు. ఇంటివాళ్లు పొద్దున్నుంచే వరండాలో కాచుకుని, దిగేటప్పుడు కళ్లారా చూసుకుని పోయేవారు. అయితే వెంట రావడానికి పోలీసులు లేరంటూ జైలువారు మనిషిని ఆపేసి రిమాండు పొడిగింపు కాగితం మాత్రం పంపే రోజులూ ఉండేవి. అప్పుడు మేము వకీళ్లం అభ్యంతరం లేదని తలవంచేవాళ్లం. దాన్ని మర్యాద అనుకునేవాళ్లం.

ఈ అరవదేశానికి బతకొచ్చి రాయపురం హార్బరులో మూటలు మోసే మన తెలుగాయన ఒకడు దొంగతనం కేసులో నా కక్షిదారు. వరసగా రెండు వాయిదాలకు ఆయన బదులు కాగితమే వచ్చింది. రెండోసారి నేను లేచి, మనిషిని చూపించకపోతే ఈ నల్లకోటు విప్పి ఇక్కడే పారేస్తానని గర్జించాననీ, మేజిస్ట్రేటుగారి చేతిలో కలం జారిపడిందనీ పెళ్లి పంక్తుల్లో మన చుట్టాలైన మీ అందరికీ ఎన్నిసార్లు చెప్పానో! అంతా కోత. నేను అలవాటుగా తలవంచాను. నోరు విప్పింది తలుపు దగ్గరున్న ఆయన భార్య, చేపలమ్ముకునే మనిషి.

"కాయితం వచ్చె సరే సామీ, మా ఆయన యాడ?"

"ష్, ఉండుమ్మా, నేను చూసుకుంటా గదా" అన్నాను.

"మీరేం చూసుకుంటిరి? నోరుండేది ఇడ్లీ తినేదానికేనా లాయరు సారూ?"

కోర్టంతా నవ్వింది. మేజిస్ట్రేటు నవ్వలేదు. మధ్యాహ్నానికల్లా మనిషిని తెమ్మన్నారు.

తెచ్చారు. తల దువ్వి, ఉతికిన చొక్కా తొడిగి, చెరో రెక్కా పట్టుకుని బెంచీ మీద కూర్చోబెట్టారు. లక్షణంగా ఉన్నాడు చూడండని వెంట వచ్చిన జైలు అధికారి చెయ్యి చాపారు. నాకూ లక్షణంగానే కనిపించాడు. ఆమె మాత్రం ఆయన ముఖం వంక చూడనే లేదు.

"నడిపించి చూపించండి సామీ" అంది.

రెండడుగులు వేసి కూలబడ్డాడు. అరికాళ్లు బూరెల్లా వాచి ఉన్నాయి. స్నానాల గదిలో జారిపడ్డాడని అధికారి చెప్పారు. జారిపడితే అరికాళ్లు ఎలా వాస్తాయని నేను అడగలేదు. మేజిస్ట్రేటు ఆయన్ని ఆస్పత్రికి పంపి, అధికారిని సంజాయిషీ ఇమ్మన్నారు.

ఆ అధికారి ఉద్యోగం ఊడగొట్టించానని కూడా చెప్పాను కదూ? నిజానికి ఆ సంజాయిషీ వచ్చిందో లేదో కూడా నాకు తెలియదు. ఆ జైల్లో నాకు ఇంకా కక్షిదారులుండేవారు, వాళ్లను చూడాలంటే ఆయన గేటే దాటాలి. అందుకని కనుక్కోలేదు.

కోతలన్నీ తీసేసి ఇదంతా మనవరాలికి చెప్పాను. ఈసారి ఆ కుర్రాడిని లేచి నడవమని అడగమన్నాను.

"కుర్చీ దాటితే కెమెరాకు కనపడడు తాతా" అంది నెమ్మదిగా.

అయినా అడుగుతానంది. నాకన్నా నయం. ఆ కుర్రాడికి తొండియార్‌పేటలో తల్లి ఉందట. కోర్టు మా భోజనాల బల్ల దాకా నడిచొచ్చింది గానీ, ఆ తల్లి నిలబడి అరవడానికి తలుపెక్కడుందో ఎంత ఆలోచించినా నాకు తట్టడం లేదు.