ఆరో కప్పు

నిన్న మధ్యాహ్నం రాయచోటి నుంచి ఫోన్. మస్తాన్ చాచా కూతురు షబానా.

"అక్కా, మా నాయన పాయ" అంది. అంతే.

స్టవ్ మీద కూర ఉంది. ఆపాలని కూడా తోచలేదు. మాడు వాసనకి మా ఆయన వచ్చి ఆపాడు. నేను వంటింట్లో కింద కూర్చుని ఉన్నా.

మన కాలేజీ వాళ్లందరికీ చాచా తెలుసు. మిగతా వాళ్ల కోసం రాస్తున్నా. నిన్నటి నుంచి ఇంకో పని చేతకావట్లేదు కూడా.

ఎనభైల్లో, కువైట్ సల్వాలో, ఒక పెద్ద విల్లాలో నడిచేది మా అమ్మాయిల కాలేజీ. చాచా మా బస్ డ్రైవర్. మా ఫుట్‌బాల్ టీమ్‌కి కోచ్ కూడా ఆయనే. జీతం మాత్రం డ్రైవర్‌గానే.

ఊళ్లో కుర్రతనంలో బాగా ఆడేవాడట. మోకాలు పాడై మానేశాడు. పొద్దున్నే బస్ అరగంట ముందు తెచ్చి, బిల్డింగ్ వెనక ఇసకలో మమ్మల్ని పరిగెత్తించేవాడు. రూల్ ప్రకారం పీటీ మిస్ కుర్చీ వేసుకుని కాపలా కూర్చునేది. కూర్చుని చక్కగా కునుకు తీసేది.

"యల్లా పాపా, యల్లా. బంతి నీ కాడికి రాదు, నువ్వే పోవల్ల."

వరసగా ఐదేళ్లు, అమ్మాయిల కాలేజీల కప్పు మాదే. మొదటి రెండూ సీనియర్లు కొట్టారు. తర్వాత మూడూ మా బ్యాచ్ టైమ్‌లో. మిగతా కాలేజీలు సెకండ్ ప్రైజ్ కోసం ఆడుకునే పరిస్థితి.

నేనూ టీమ్‌లో ఉన్నా. బెంచ్ మీద. బంతి వస్తుంటే కళ్లు మూసుకునే గోల్‌కీపర్‌ని ఎవరు ఆడిస్తారు?

ఇప్పుడు అసలు సంగతి.

ఆ ఐదు ఫైనల్స్‌లో చాచా ఒక్కటి కూడా చూడలేదు.

ఫైనల్ ఆడవాళ్ల హాల్లో జరిగేది. మగవాళ్లకి ఎంట్రీ లేదు, కోచ్ అయినా సరే. ఆయన హాల్ గోడ పక్కనే బస్ ఆపుకుని లోపల కూర్చునేవాడు. హాఫ్ టైమ్‌లో నేను బయటికి పరిగెత్తి స్కోర్ చెప్పాలి. టీమ్‌లో నా డ్యూటీ అదొక్కటే.

ఆయన బానెట్ మీద ఖర్జూరం గింజలు పరిచేవాడు. అవి మనవాళ్లు. సోడా మూతలు అవతలి వాళ్లు. నేను చెప్తుంటే వాటిని జరుపుతూ, ఎవరు ఎక్కడికి మారాలో చెప్పి పంపేవాడు.

ఒక ఏడాది నేను నోరు తెరవకముందే అన్నాడు. "ఎడమ పక్క షీలా అలిసిపోయింది. తీసెయ్మను."

మీకెలా తెలుసు చాచా అన్నా.

"బంతి ఇయ్యి, బంతి ఇయ్యి అని అరస్తా ఉంటాది గదా. పది నిమిషాల్నుంచీ గొంతు ఇనపడలా."

షీలాని తీసేశారు. గెలిచాం.

గెలిచిన ప్రతిసారీ సముద్రం పక్క రోడ్డు పొడుగునా హారన్ కొట్టుకుంటూ తీసుకెళ్లేవాడు. ఆ హారన్ కోసమే ఆడేవాళ్లం అనిపిస్తుంది ఇప్పుడు.

ఆరో ఏడు, ఆయన్ని పనిలో పెట్టుకున్న కఫీల్ అక్కడ ఉండటానికి కావాల్సిన ఇఖామా రెన్యూ చేయలేదు. ఖలాస్. ఫైనల్ అయిన మర్నాడే ఫ్లైట్. "కప్పు చేతిలో పట్టుకోని పోతా పాపా" అని వారం రోజులు అందరికీ చెప్పుకున్నాడు.

ఓడిపోయాం.

ఆఖరి నిమిషంలో గోల్ పడింది. బాత్రూమ్‌లో అందరం మొహాలు కడుక్కున్నాం, కళ్లు ఎర్రగా కనపడకూడదని. చాచాకి చెప్పొద్దు అంది కెప్టెన్ నఫీసా. ఎవరూ కాదనలేదు. చెప్పే డ్యూటీ మళ్లీ నాదే.

"గెలిచాం చాచా. కప్పు మీద పేరు చెక్కించడానికి ఉంచుకున్నారు."

ఆయన నా వైపు చూశాడు. బస్ ఎక్కుతున్న ఒక్కొక్కరినీ చూశాడు.

"మంచిది పాపా" అని స్టార్ట్ చేశాడు.

ఆ రోజు హారన్ సముద్రం దగ్గర ఆగలేదు. ఒక్కొక్కరినీ ఇంటి దగ్గర దింపేదాకా కొడుతూనే ఉన్నాడు. ఏడుపు మొహాలతో ఉన్నవాళ్లం చివరికి నవ్వేశాం.

తర్వాత ఇన్నేళ్లూ ప్రతి రంజాన్‌కి ఫోన్ చేసేదాన్ని. మన ఆరు కప్పులూ, మన ఆరు కప్పులూ అని నేను వాగడం, ఆయన నవ్వడం. మొన్న పండక్కి నిజం చెప్పేద్దామని చాలా అనుకున్నా. మందులు వేసుకుంటున్నారా అని అడిగి పెట్టేశా. పిరికిదాన్ని. అప్పుడూ ఇప్పుడూ.

నిన్న సాయంత్రం నేను మళ్లీ ఫోన్ చేస్తే షబానా ఏడుస్తూ చెప్పింది, చివరి రోజుల్లో కూడా మీ ఐదు కప్పుల మాటే అక్కా అని.

ఆరు కదా అన్నా. అలవాటైన అబద్ధం, నోటికి వచ్చేసింది.

"ఐదేనంట గదక్కా. ఆరోది ఓడిపోయినారంట. గోడ పక్కన ఆరేండ్లు కూచున్నోడికి మన పిల్లోళ్ల అరుపు ఏదో, వాళ్ల అరుపు ఏదో తెలీదా అనేటోడు. పాపం, నాకు బాధ అయితాదని అబద్ధం చెప్పినారు, ఇంటికి పొయ్యేలోపల వాళ్లని నవ్వీయల్లని హారన్ కొట్నా అనేటోడు."

ఫోన్ పెట్టేశాక చాలాసేపు ఏడ్చా. ఇది రాస్తూ కూడా ఏడుస్తున్నా.

మేం ఆయన్ని కాపాడామనుకున్నాం. ఆయన మమ్మల్ని కాపాడి, ఒక్కసారి కూడా బయటపడకుండా, ప్రతి రంజాన్‌కీ నా అబద్ధం విని నవ్వాడు.

చాచా, మ్యాచ్ రిపోర్ట్ లేటయింది.

ఓడిపోయాం చాచా. ఒకటి-సున్నా. షీలా చివరిదాకా అరుస్తూనే ఉంది, బంతి ఇవ్వలేకపోయాం.

ఇంక నిశ్చింతగా పడుకో. అల్లా నీకు చల్లని చోటు ఇవ్వాలి.