ముద్దల బసవన్న

బసవన్నకు ఒకటే పిచ్చి. ఎవరింటికి పోయినా ముందు మనిషి ముఖం చూడడు, సంగటి తట్ట చూస్తాడు. తట్టలో ఎన్ని ముద్దలుంటే ఆ ఇంట్లో అంతమంది. మనం నోటితో చెప్పేదాన్ని ఆయన నమ్మడు.

యాభై నాలుగులో కమలాపురం దగ్గరి మా పల్లెకు ఆయన్ను సర్కారు సర్వేకు పంపింది. ఏ ఇంట్లో ఎందరుండారు, నెలలో ఎవరికి ఏ జబ్బు చేసింది, ఏడాదిలో ఎవరు పోయినారు, అన్నీ రాసుకొని పోవాల. ఆదోని పక్క మనిషి. తాటిచెట్టంత పొడుగు, చెవి మీద పెన్సిలు, చంకలో గొడుగు. బడి అరుగు మీద బస.

మొదటి దినం పాపం నోటితోనే అడిగినాడు. "ఎంతమంది బిడ్డలమ్మా?" అంటే మా ఊళ్లో ఏ తల్లి చెప్తుంది? బిడ్డల్ని లెక్కబెడితే దిష్టి. ఒకామె "దేవుడిచ్చినంతమంది" అనింది. ఇంకొకామె "మీ ఇంట్లో ఎందరో ముందు నువ్వు చెప్పు" అనింది. సాయంత్రానికి ఆయన కాగితాల్లో మా ఊరికి పిల్లలే లేరు. అరుగు మీద మాత్రం ముప్పైమంది ఆయన గొడుగు కోసం కొట్లాడుకుంటాండారు.

రెండో దినం నుంచి సంగటి దించే వేళకు రావడం మొదలుపెట్టినాడు. పెద్దోళ్లకు పెద్ద ముద్ద, పిల్లోళ్లకు చిన్న ముద్ద. ఎవరినీ అడిగే పనిలేదు.

బొజ్జన్న ఇంట్లో మొగుడూ పెళ్లాం ఇద్దరే. తట్టలో ముద్దలు అయిదు.

"తక్కిన ముగ్గురూ యాడికి పోయినారప్పా?"

"ఎవరూ లేరు. నాలుగూ నాయే."

"తిను, చూస్తా."

బొజ్జన్న నాలుగూ తిని, పంతానికి పెళ్లాం ముద్ద కూడా తిన్నాడు. బసవన్న దిగాలుగా కాగితం చూసుకొని, "ఇప్పుడు మీ ఆమె లెక్కలో లేకుండా పోయిందే" అన్నాడు.

ఇన్ని తట్టలు చూసినా ఎవరింట్లోనూ మెతుకు ముట్టడు. బొరుగులు నమిలి నీళ్లు తాగేవాడు. చర్చి వీధిలో విశ్వాసమ్మ బతిమాలింది.

"మజ్జిగైనా తాగు నాయనా, ఎండకు కమిలిపోయినావు."

"వద్దు తల్లీ. ఒక పొయ్యి కూడు తినేవాళ్లంతా ఒక ఇల్లని సర్కారు మాట. తాగితే మీ ఇంటోన్నయిపోతా, మళ్లీ కాగితం మార్చాల."

"మార్చుకో. నాకూ ఒక కొడుకు ఎక్కువైతాడు."

నవ్వినాడు గానీ తాగలేదు.

తర్వాత మా ఇంటికొచ్చినాడు. మేము నలుగురం: నేను, మా ఆయన ఓబులేసు, మా అత్త రామసుబ్బమ్మ, పదేండ్ల కొడుకు. ఆరు నెలల కిందట నా కూతురు తిమ్మక్క విషజ్వరంతో పోయింది. అయిదేండ్ల పిల్ల. అప్పటినుంచి ఇంట్లో ఆ పేరు ఎవరూ ఎత్తరు. ఎత్తితే నేనేమైపోతానో అని మా అత్తకు భయం. ఎత్తకపోతే ఆ బిడ్డ పుట్టనే లేదన్నట్టు అయిపోతుందని నాకు భయం.

"నలుగురం" అనింది మా అత్త.

బసవన్న తట్టలోకి వంగినాడు. "అయిదుండాయే."

అయిదోది నిమ్మకాయంత. రోజూ నా చెయ్యి దానంతట అదే చేసేది. అందరూ తిన్నాక ఎవరూ చూడకుండా బర్రెకు పెట్టేదాన్ని.

"అది బర్రెకప్పా" అనింది మా అత్త. ఆమెకు తెలుసునని నాకు అప్పుడే తెలిసింది.

"ఇంత ముద్ద బర్రెకు ఏం సాలుతాదవ్వా?" అని నా పక్క తిరిగినాడు. "ఎవరిదమ్మా?"

"మా పాపది."

"పేరు?"

చెప్పినా. ఆరు నెలల తర్వాత ఆ పేరు నా నోట్లోంచి వచ్చింది.

"పోయినోళ్లకూ ఈడ చోటుండాది. చెప్పు, రాసుకుంటా."

ఎన్ని దినాలు జ్వరం, ఏం మందు పోసినారు, అడిగినాడు. ఆపైన ఏం ఆట ఆడేది, ఎవరి పోలిక అని అడిగినాడు. నాకు చదువు రాకపోయినా కాగితం ఎప్పుడో నిండిందని, ఆయన ఉత్తగనే పెన్సిలు తిప్పుతాండాడని కనపడుతూనే ఉండాది. కడకు మా అత్తే, "దానికి సంగట్లోకి ఊరిబిండి నూరితే చాలు, కూర అడిగేది కాదు" అనింది.

ఆయన పెన్సిలు చెవి మీద పెట్టుకొని గోడకు ఆనుకొని కూచున్నాడు.

"ఆ ముద్ద నాకు పెట్టమ్మా. ఊరిబిండి ఉండాదా?"

"తింటే మా ఇంటోడివయిపోతావు గదప్పా" అనింది మా అత్త.

"అయితే అయితా. అయిదు ముద్దలకు అయిదుమంది ఉండాల గదా."

ఆపైన ఊళ్లో ఉన్న పదిదినాలూ మధ్యాహ్నానికి వచ్చి అయిదో ముద్ద తిన్నాడు. అంత మనిషికి నిమ్మకాయేం సాలుతుంది? నాలుగోనాటికి టెంకాయంత అయింది. బొజ్జన్న అసూయ పడినాడు. మా బర్రె నామీద అలిగింది.

తర్వాత మూడు మైళ్ల అవతలి పల్లెకు పోయినాడు. మరునాడు సంగటి చేస్తాంటే వాకిట్లో గొడుగు కనపడింది.

"పెన్సిలు మర్చిపోయినానమ్మా" అంటూ లోపలికొచ్చి తట్ట చూసినాడు.

నేనూ అప్పుడే చూసుకున్నా. నాలుగే ఉండాయి.

"సరిపోయింది" అన్నాడు మెల్లగా.

"కూచో అప్పా, నీకొకటి చేస్తా."

"వద్దమ్మా. మళ్లీ కాగితం మార్చాల."

ఆ ఎండలోనే తిరిగి బయలుదేరినాడు. పెన్సిలు చెవి మీదనే ఉండాది. మా అత్త పిలిచి చెప్పబోయింది. నేను ఆమె చెయ్యి పట్టుకొని ఆపినా.