మామయ్యగారి పంచాంగంలో నా తుమ్ములు

నేను రేపల్లెకు కాపురానికి వచ్చిన తొలి ఏడు, దసరాకు ముందు ఒక ఉదయం. మామయ్యగారు పురోహితులు. చెరుకుపల్లిలో వ్రతం చేయించడానికి సంచీ భుజాన వేసుకుని గుమ్మం దాటబోతున్నారు. నేను తుమ్మాను. ఆయన వెనక్కి వచ్చి, కూర్చుని, గ్లాసెడు నీళ్లు తాగి లేచారు. మళ్లీ తుమ్మాను. మళ్లీ నీళ్లు. నాలుగోసారికి, "సరిసంఖ్యలో పడితే శుభమేలే. ఇక ఆపమ్మా, బస్సు పోతుంది" అన్నారు. బస్సు అప్పటికే పోయింది.

జలుబనుకున్నాం. మిరియాల కషాయం, పసుపు ఆవిరి అన్నీ అయ్యాయి. కళ్లు దురద, ముక్కు ధార, అంగిట్లో గీరుకోవడానికి వీల్లేని దురద. మార్గశిరం వచ్చేసరికి దానంతట అదే పోయింది. మరుసటి ఏడు దసరా ముందు మళ్లీ వచ్చింది.

పురోహితుల ఇంట తుమ్మే కోడలు! శుభకార్యమేదైనా చుట్టాలు నన్ను పెరటివైపు చూపించేవారు. చూపించకపోయినా నేనే వెళ్లి కూర్చునేదాన్ని. నా దిగులంతా ఆడపడుచు లలిత గురించి. నేను వచ్చేనాటికి అది ఏడో తరగతి. జడలు వేసి, ఎక్కాలు చెప్పి పెంచుకున్న పిల్ల. దాని పెళ్లి కూడా పెరట్లోంచే వినాలా అనిపించేది.

అత్తయ్యగారు పెరుగు మాన్పించారు, అరటిపండు మాన్పించారు, దూది పరుపు తీసి బయట పడేశారు. మా వారు గాలి మార్పు మంచిదని సైకిలు మీద పెనుమూడి రేవుకు తీసుకెళ్లారు. కృష్ణ ఒడ్డంతా రెల్లు తెల్లగా పూసి ఉంది. ముచ్చటపడి రెండు వెన్నులు కోసి నా చేతిలో పెట్టారు. ఇల్లు చేరేసరికి నా కళ్లు వాచి మూసుకుపోయాయి. పాపం, ఆయన వారం రోజులు తల దించుకునే తిరిగారు.

తెనాలిలో ఈఎన్‌టీ డాక్టరుకు చూపించాం. ముక్కులోకి లైటు వేసి చూశారు. బ్లడ్ టెస్టు, సైనస్ ఎక్స్‌రే తీయించారు.

"రక్తంలో ఈసినోఫిల్స్, అంటే అలర్జీలో పెరిగే కణాలు, ఎక్కువున్నాయి. అలర్జిక్ రైనైటిస్ అమ్మా. హే ఫీవర్ అంటాం. పేరుకే గానీ ఫీవరుండదు."

"దేనివల్ల వస్తుందండీ?"

"అది మీరే నాకు చెప్పాలి. ఎప్పుడు మొదలవుతుందో, ఎప్పుడు తగ్గుతుందో రాసుకురండి."

ఆయనిచ్చిన మాత్రకు తుమ్ములు తగ్గాయి, మత్తు పట్టుకుంది. పప్పులో ఉప్పు రెండుసార్లు వేశాను, పులుసులో అసలు వేయలేదు. అత్తయ్యగారు రెండూ కలుపుకుని తిన్నారు.

ఆ మత్తులో రాయడం మర్చిపోయేదాన్ని. మామయ్యగారు ఆ పని తన మీద వేసుకున్నారు. ఆయన రాసేదేదైనా పంచాంగంలోనే. తిథి పక్కన పెన్సిలుతో, "ఉదయం ఎక్కువ. కళ్లు ఎరుపు. గాలి ఉన్నది." అలా మూడేళ్లు రాసి, మూడు పంచాంగాలూ తెచ్చి డాక్టరు బల్ల మీద పరిచారు.

"పాడ్యమి, విదియ అంటే నాకేం తెలుస్తుందండీ?" అన్నారు డాక్టరు.

మామయ్యగారు కుర్చీ దగ్గరికి లాక్కుని, ఒక్కో తిథికీ తారీఖు చెప్పారు. డాక్టరు రాసుకున్నారు. బయట పేషెంట్లు గొణుగుతున్నారు.

"మూడేళ్లూ ఒకే కాలం" అన్నారు డాక్టరు చివరికి. "ఇంట్లో దుమ్మయితే ఏడాది పొడుగునా ఉండాలి. ఇది గడ్డిజాతి పూసే సీజను. రెల్లు, గట్ల మీది గడ్డి. వాటి పోలెన్, అదే పుప్పొడి, గాలిలో వస్తుంది. అది ఆగితే ఈవిడకీ ఆగుతోంది."

రెల్లు పేరు వినగానే మా వారు గోడవైపు చూడటం మొదలుపెట్టారు.

"పూర్తిగా పోతుందాండీ?"

"పోదమ్మా. కానీ ఎప్పుడొస్తుందో తెలిసిందిగా. రెండు వారాల ముందే ముక్కులో స్ప్రే మొదలుపెడదాం."

స్ప్రేతో సగం తగ్గింది. సగం మిగిలింది. ఇంతలో తొంభైల మొదట్లో లలితకు సంబంధం కుదిరింది. మగపెళ్లివారు కార్తీకంలో చేద్దామన్నారు. పెళ్లినాటికి బాపట్లలో మా పుట్టింటికి వెళ్లిపోతానని అత్తయ్యగారితో అన్నాను. అది విని లలిత అన్నం మానేసింది.

మాటలకు వచ్చిన మగపెళ్లివారి ముందు మామయ్యగారు పంచాంగం తెరిచి, "మాఘంలో పెట్టుకుందామండి" అన్నారు.

"కార్తీకంలో దివ్యమైన ముహూర్తం ఉంది కదండీ, మీకు తెలియంది కాదు."

"ఉందండి. కానీ అప్పటికి మా కోడలికి తుమ్ములు తగ్గవు. వదినంటే తల్లి తర్వాత తల్లి. ఆవిడ పెరట్లో కూర్చునే ముహూర్తం మా పిల్లకి మంచిదెలా అవుతుందండీ?"

వంటింట్లో ఉన్న నాకు ఏడుపు ఆగలేదు. జీవితమంతా ఊరివాళ్లకు తారాబలం, చంద్రబలం చూసిన మనిషి, సొంత కూతురికి నా ముక్కుబలం చూసి పెళ్లి చేశారు. మాఘంలో, జీలకర్రబెల్లం పెట్టేవేళ నేను లలిత వెనకే నిలబడి ఉన్నాను. ఒక్క తుమ్ము రాలేదు.

ఇప్పటికీ ఏటా వస్తుంది. మహాలయ పక్షానికి ముందే స్ప్రే మొదలుపెడతాను. ఆ రెండు నెలలూ పొద్దున్నే కిటికీలు తెరవను, బట్టలు ఇంట్లోనే ఆరేస్తాను. ఇప్పటి మాత్రలకు అంత మత్తు లేదు, ఉప్పు సరిగానే పడుతోంది.

మీకూ ఏటా ఒకే కాలంలో జలుబు చేస్తుంటే, రోజులు రాసిపెట్టి డాక్టరుకు చూపించండి. కుదిరితే ఆ రాసే పని ఇంట్లో ఇంకొకరికి అప్పగించండి. మనకు తుమ్ముకోవడంతోనే సరిపోతుంది. పైగా మన బాధ మరొకరి చేతిరాతలో కనబడితే, ఒంటరిగా పడుతున్నామన్న దిగులు ఉండదు.