కాట్రేనికోన దారిలో పెట్రోలు లారీ

ముప్పై ఏళ్లు పిల్లలకు ఫిజిక్స్ చెప్పినదాన్ని. దెయ్యాలూ ఆత్మలూ అని ఎవరైనా అంటే క్లాసులోనే నవ్వేసేదాన్ని. ఈ సంగతి రాయడానికి ఇన్నాళ్లు పట్టింది అందుకే.

తొంభైల్లో ఒక తుఫాను వెళ్లిన మూడో రోజు. కాట్రేనికోన అవతల జాలరి పల్లెల్లో బావులన్నీ ఉప్పునీళ్లయ్యాయి. మా చర్చి వాళ్లు అమలాపురం నుంచి పీపాలతో మంచినీళ్లు పంపాలనుకున్నారు. దొరికిన బండి ఒక్కటే, పాతకాలపు పెట్రోలు లారీ. దాన్ని రాజమండ్రి నుంచి తెచ్చిన డ్రైవరు పేరు సత్తిబాబు. నాలుగు కిలోమీటర్లు నడిచేసరికి ఆ బండి పుల్లింగ్ పోయి నత్తలా పాకేది.

అలాంటి ఇంజన్లు మా నాన్నగారికి కొట్టినపిండి. ఆయన పోయి అప్పటికి రెండేళ్లు. చిన్నప్పుడు మెకానిక్ షెడ్డులో ఆయన పక్కనే పని నేర్చుకున్నాను గానీ, బాగా చేశావని ఆయన ఒక్కనాడూ అనలేదు. ఇంకెవరూ దొరక్క, ఆయన పనిముట్ల సంచి తీసుకుని నేనే లారీ ఎక్కాను.

దారిలో రెండుసార్లు ఆగాం. ప్లగ్గులు తుడిచాను. పాయింట్లు గీకి సందు సరిచేశాను. కండెన్సరు మార్చాను. బిగించాక బండి చక్కగా కదిలేది, కాసేపటికే మళ్లీ దగ్గేది. మూడోసారి కాలవ గట్టు ఎక్కలేక ఆగిపోయింది. మిట్టమధ్యాహ్నం. రెండు పక్కలా మునిగిన చేలు, పడిపోయిన కొబ్బరిచెట్లు.

నేను మళ్లీ ప్లగ్గు విప్పబోతుంటే లారీ వెనకనుంచి సత్తిబాబు వచ్చాడు.

"మేడంగారూ, ఇంజను చల్లారకముందే కాయిల్ చూడమని చెప్పమన్నారండి ఆ పెద్దాయన."

ఏ పెద్దాయన అని అడిగాను.

"వెనకాల నిలబడ్డారు కదండీ. ఖాకీ చొక్కా. కళ్లజోడు కాడకి రాగితీగ చుట్టుకున్నారు. కంగారుపడకు, మా అమ్మాయి చేసేస్తుంది, పనిలో నాకన్నా దానిదే మంచి చెయ్యి అన్నారండి."

లారీ చుట్టూ తిరిగి చూశాను. గట్టు మీద కనుచూపుమేర ఎవరూ లేరు. బురదలో మా ఇద్దరి అడుగులే ఉన్నాయి.

ప్లగ్గులకు కరెంటు పంపే ఆ కాయిల్ మీద వేలు పెడితే చుర్రుమంది. స్పార్కు పసుపుపచ్చగా, నీరసంగా వస్తోంది. అంతకుముందు రెండుసార్లూ నేను విప్పి బిగించేలోపే అది చల్లారిపోయి మామూలుగా పనిచేసింది. సత్తిబాబు దగ్గర తువ్వాలు తీసుకుని, తడిపి కాయిల్‌కు చుట్టాను. కాసేపటికి స్పార్కు నీలంగా మారింది. లారీ గట్టెక్కింది.

తువ్వాలు తడుపుకుంటూ, ఆగుతూ, పొద్దు వాలకముందే పల్లె చేరాం. బిందెలతో ఎదురొచ్చిన ఒక ముసలావిడ నా గ్రీజు చేతులు చూసి, "బండి నువ్వే బాగు చేసేవామ్మా?" అని అడిగింది.

"ఆయ్, నేనేనండి" అన్నాను. అంత గట్టిగా ఆ మాట ఎప్పుడూ అనలేదు.

సత్తిబాబు మా నాన్నగారిని ఎన్నడూ చూడలేదు. రాగితీగ చుట్టిన ఆ కళ్లజోడు ఆయనదే, కానీ దానితో ఆయన ఫొటో ఒక్కటీ లేదు. తర్వాత ఎన్నిసార్లు అడిగినా సత్తిబాబు ఒక్క మాట మార్చలేదు. ఇదెలా జరిగిందో నాకు ఇప్పటికీ తెలియదు. తెలియదని ఒప్పుకోవడానికి సిగ్గు లేదు, నాన్నగారి ఆ మెప్పు నాకే వచ్చిందని చెప్పుకోవడానికీ సిగ్గు లేదు.