కడుపులో చెవి

పదిహేనేళ్లు పిల్లలకి రేడియో తరంగాలు బోధించిన నాకు రేడియో అంతరంగం మాత్రం తెలియలేదు.

బరంపురంలో మా పక్క వాటాలో ఒక రేడియో మెకానిక్కు ఉండేవాడు. ఏ సెట్టు ఇచ్చినా వెంటనే విప్పేవాడు కాదు. పసిబిడ్డలా ఎత్తుకుని ముందు అన్ని దిక్కులకీ తిప్పేవాడు.

ఒక ఉదయం తెలుగు స్టేషనులో మా ఆవిడ పాట రావాలి. వారం ముందే వెళ్లి పాడి వచ్చింది. తీరా ఆ వేళకి మా ట్రాన్సిస్టరులో గరగర తప్ప ఏమీ లేదు. నేను ఏరియల్ పుల్ల మొత్తం లాగి, దానికి తీగ కట్టి, ఆ తీగ పట్టుకుని కుర్చీ ఎక్కాను. ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగాయి.

గొడవ విని పక్క వాటా మెకానిక్కు వచ్చాడు.

"దిగండి మేస్టారూ! మీడియం వేవుకి ఆ పుల్లతో పనేటి? దీని సెవి కడుపులో కడ్డీ. అది ఇనాలంటే పెట్టిని తిప్పాల!"

సెట్టు పక్కకి తిప్పాడు. పల్లవి పోయింది గానీ చరణాలన్నీ దక్కాయి. ఆవిడ నవ్వింది.

"ఈయన పిల్లలకి ఏటి సెప్తన్నారో ఏటో!" అని ఆయన నెలరోజులు వీధంతా వినేలా అన్నాడు.

ఆఖరికి ఒకరోజు ఆయన్ని మా తరగతికి లాక్కెళ్లి, "ఇవాళ పాఠం వీరు చెబుతారు" అన్నాను. నలభై మంది లేచి "నమస్తే మాస్టారూ" అనేసరికి ఆయనకి చెమటలు పట్టాయి. నేను చివరి బెంచీలో కూర్చుని నోట్సు తెరిచాను.