అంటుకుంటాదా, అంటుకోదా

ఫోను తెర మీద వేలితో తోస్తే బొమ్మ పక్కకి జరుగుతుందని మా శ్రీకాకుళంలో జనం ఒకరికొకరు చూపించుకుని మురిసిపోతున్న కాలం అది. సబ్సిడీ గ్యాసు బండలకి సర్కారు కోత పెట్టడంతో ఇంటింటికీ ఇండక్షన్ పొయ్యి వచ్చింది. దానికి కావలసిన కరెంటు మాత్రం వీలున్నప్పుడు వచ్చేది. నాకు డిగ్రీ అయింది, టీచరు ట్రైనింగ్ అయింది, ఉద్యోగం తప్ప అన్నీ అయ్యాయి. అలాంటి వయసులో మనిషి దగ్గర పుష్కలంగా ఉండేవి తీరికా, అభిప్రాయాలూ. నా అభిప్రాయాలన్నీ పిల్లల పెంపకం మీదే. (అప్పటికి నాకు పిల్లలు లేరు, పెళ్ళి కూడా కాలేదు. అందుకే అవి అంత గట్టిగా ఉండేవి.) ఇప్పుడు తలుచుకుంటే ఆ అమ్మాయిని, అంటే అప్పటి నన్నే, పిలిచి కాస్త మజ్జిగ ఇచ్చి కూర్చోబెట్టాలనిపిస్తుంది.

ఈ అభిప్రాయాలకి మూలం మా అక్క కూతురు. అయిదేళ్ళ పిల్ల. బారసాలనాడు పళ్ళెంలో బియ్యం మీద రాసిన పేరొకటి ఉంది గానీ ఇంట్లో ఎవరూ దాన్ని వాడేవారు కాదు. పొద్దున్న లేచింది మొదలు "అదేటి? ఇదేటి? అదెందుకలాగుంది?" అంటూ తిరిగేది కనక అందరం 'అదేటమ్మ' అని పిలిచేవాళ్ళం. చీమకి చెమట పడుతుందా, కొబ్బరికాయలో నీళ్ళు ఎవరు పోశారు, అరసవల్లి దేవుడు సూర్యుడైతే రాత్రిపూట గుళ్ళో ఎవరుంటారు, ఇలా ఉండేవి దాని సందేహాలు. వాళ్ళ నానమ్మ "నోర్ముయ్యవే, బుర్ర తినేస్తన్నావు" అని కసిరితే నాకు మండిపోయేది. ప్రశ్న వేసిన పిల్లకి జవాబు చెప్పడం కాదు, చేతికి ఒక వస్తువిచ్చి జవాబు తనే వెతుక్కోనివ్వాలని నేను ఇంటర్నెట్ సెంటర్లో కూర్చుని చదివొచ్చాను. చదివినదాన్ని ఊరికే వదిలేసే రకం కాదు నేను.

మా బావది అరసవల్లి వెళ్ళే రోడ్డులో స్టీలు సామాన్ల కొట్టు. తాతల నాటి వ్యాపారం. బావ మంచివాడే గానీ నన్ను ఆట పట్టించకపోతే ఆయనకి అన్నం సయించేది కాదు. ఒకరోజు ధైర్యం చేసి, "బావా, నీ కొట్లో ఒక అర ఇయ్యి. పిల్లలకి తెలివి పెంచే ఆటవస్తువులు పెడతాను" అని అడిగాను.

"ఆ అరలో కుక్కరు గాస్కెట్లున్నాయి మరదలా. అవి నోరెత్తకుండా అమ్ముడుపోతాయి" అన్నాడు బావ.

"ఇవీ పోతాయి."

"సరే, దసరా దాకా సూస్తాను. అప్పటికి ఒక్కటంటే ఒక్కటి పోలేదనుకో, గాస్కెట్లు అర ఎక్కుతాయి, నువ్వు విశాఖపట్నం బస్సు ఎక్కుతావు. మావకి నేను మాటిచ్చేశాను."

మావ అంటే మా నాన్న. విశాఖపట్నం బస్సు అంటే బ్యాంకు పరీక్షల కోచింగ్. నాకు లెక్కలంటే పడదు, హాస్టలు సాంబారంటే అసలే పడదు. అక్కడికి తోలేస్తే ఇక పిల్లల్లేరు, ఆటల్లేవు, జీవితాంతం గాజు అద్దం వెనక కూర్చుని ఎవరి డబ్బో లెక్కపెట్టాలి. అలా నా భవిష్యత్తంతా ఆ ఒక్క అర మీద పడింది.

సరుకు ఎంచడానికి నేను పడ్డ పాటు పెళ్ళిచూపుల్లో కూడా ఎవరూ పడి ఉండరు. బ్యాటరీతో నడిచేది వద్దు, దానంతటదే పాడేది వద్దు, ఒక మీట నొక్కితే ఒకే పని చేసేది అసలే వద్దు. చివరికి చెక్క దిమ్మలు, ముక్కలు కలిపి పేర్చుకునే దేశపటం, పూసల చట్రం, భూతద్దం, ఎర్రరంగు వేసిన లాడం ఆకారపు అయస్కాంతాలు తెప్పించి, అరలో కొలువుతీర్చి, పక్కనే స్టూలు వేసుక్కూర్చున్నాను. వచ్చినవాళ్ళు చూసేవారు, ముచ్చటపడేవారు, తర్వాత అందరూ ఒకే మాట అడిగేవారు.

"ఇదేటి సేస్తాది?"

"ఇదేమీ చెయ్యదండీ. పిల్లలే చేస్తారు" అని నేను గర్వంగా చెప్పేదాన్ని.

"పిల్లలే సేసుకుంటే మరి దీనికి డబ్బులెందుకు?"

ఈ ప్రశ్నకి నేను చదివిన వ్యాసాల్లో సమాధానం లేదు. భావనపాడు నుంచి వచ్చిన ఒకాయన భూతద్దం తీసుకుని, దానితో తన అరచేయి చూసుకుని, ఆయుష్షు రేఖ పొడుగ్గా ఉందని సంతోషించి, అద్దం తిరిగిచ్చేసి వెళ్ళిపోయాడు. ఇంకొకావిడ పూసల చట్రంతో వీపు గోక్కుంది. దానికి బాగానే పనికొచ్చినట్టుంది గానీ కొనలేదు. బావ గల్లా దగ్గర కూర్చుని ఇదంతా చూస్తూ, పైకి నవ్వకుండా, విశాఖపట్నం బస్సులు ఎన్నింటికున్నాయో ఎవరినో ఫోన్లో అడుగుతున్నట్టు నటించేవాడు.

కొట్లో బావకి ఒక నియమం ఉండేది, డబ్బా సీలు తియ్యకూడదని. "సీలు తీస్తే సరుకు సచ్చినట్టే" అనేవాడు. నేను మాత్రం అదేటమ్మ కోసం ఒక అయస్కాంతం డబ్బా చాటుగా విప్పేశాను. దానికొక ఆట కూడా నేర్పాను. ఏ వస్తువు కనిపించినా ముందు అనుకోవాలి, అంటుకుంటుందా అంటుకోదా అని. ఆ తర్వాతే అంటించాలి. ముందు అనుకోకుండా అంటిస్తే ఆట కాదు. పిల్ల ఆ నియమాన్ని బావ తన నియమాన్ని పాటించినంత నిష్ఠగా పాటించింది. గడియ అంటుకుంది, గుమ్మం అంటుకోలేదు, వాళ్ళ నానమ్మ మెడలో గొలుసు అంటుకోలేదు. (నానమ్మ ఊపిరి పీల్చుకుంది.)

శ్రావణమాసం పెళ్ళిళ్ళు మొదలయ్యాయి. ఒక ఆదివారం పొద్దున్న శ్రీకూర్మం దగ్గర ఒక పల్లె నుంచి పెళ్ళివారు దిగారు. రైతు కుటుంబం. పెళ్ళికూతురికి సారె సామాను కొనాలి. బిందెలు, గంగాళాలు, గిన్నెలు, పళ్ళాలు, అంతా మా బావ దగ్గరే తీసుకుంటారట. ఆ సీజనుకి అంత పెద్ద బేరం అదే. పెళ్ళికూతురి తల్లి ఏరుతోంది, మేనమామ మెరుపు చూస్తున్నాడు, ఒక మామ్మ మాత్రం కుర్చీలో కూర్చుని ప్రతి వస్తువునీ గోటితో కొట్టి మోత వింటోంది. బావ కూల్‌డ్రింకులు తెప్పించాడు. నా వైపు తిరిగి, పిల్లని లోపల పెట్టమని కళ్ళతోనే చెప్పాడు. నేను లేచేలోపే అదేటమ్మ అయస్కాంతంతో మామ్మ పక్కకి చేరిపోయింది.

"ఇదేటే గుంటా?" అంది మామ్మ.

"అయస్కాంతం. ముందు అనుకోవాల, తర్వాత అంటించాల. నువ్వనుకో."

"ఏటనుకోవాల?"

"ఈ బిందికి అంటుకుంటాదా, అంటుకోదా."

మామ్మ బిందె వైపు చూసింది, బావ వైపు చూసింది. "మంచి స్టీలైతే అంటుకోదే. ఇనుం కలిస్తే అంటుకుంటాది. మాకు తెల్దేటి" అంది.

మా ఊళ్ళో స్టీలు సామాన్లు కొనేవాళ్ళందరికీ ఈ నమ్మకం ఉంది. కానీ కొట్టుకి అయస్కాంతం పట్టుకుని రావడం మర్యాద కాదని ఎవరూ తీసుకురారు. ఆ మర్యాదని మా అదేటమ్మ ఒక్క క్షణంలో పక్కన పెట్టేసింది. బిందెకి అంటుకోలేదు. గంగాళానికి అంటుకోలేదు. మామ్మకి ఉత్సాహం వచ్చి కుర్చీ లోంచి లేచింది. పెళ్ళికూతురు కూడా చేరింది. "అంటుకోదు" అంటే "అంటుకోదు" అని అందరూ కలిసి అనుకోవడం, పిల్ల అంటించడం, కొట్టంతా తిరనాళ్ళలా అయిపోయింది. ఆ ఊపులో పళ్ళాల దొంతర దగ్గరకి వచ్చారు. అందరూ "అంటుకోదు" అన్నారు. టప్పున అంటుకుంది.

పక్కనున్న గిన్నెల వరసకి కూడా అంటించారు, అవీ అంటుకున్నాయి. నాకు కళ్ళ ముందు విశాఖపట్నం బస్సు కిటికీ పక్క సీటుతో సహా కనిపించింది. నా అర సంగతి సరే, తాతల నాటి కొట్టు పేరు కూడా నా చేతులమీదుగా పోయేలా ఉంది.

"ఏటి బాబూ, ఇనుం అంటగడతన్నావేటి?" అంది మామ్మ నెమ్మదిగా.

బావ గల్లా దిగి వచ్చాడు. "మామ్మా, పళ్ళాలు తక్కువ రకం. అందుకే తక్కువ రేటు సెప్పాను. అదీ ఇదీ ఒకటేనని నేననలేదు."

"నువ్వనలేదు, నానడగలేదు" అంది మామ్మ. ఆమె గొంతులో కోపం కన్నా ఆలోచన ఎక్కువ ఉంది. "మరి గిన్నెల సంగతేటి?"

"అవి ఇండక్షన్ పొయ్యి కోసం వచ్చిన రకం. అడుగు అలాగే సేస్తారు" అన్నాడు బావ. ఎవరూ నమ్మినట్టు లేరు. నిజం చెప్పేటప్పుడు మా బావ మొహం అబద్ధం చెబుతున్నట్టు ఉంటుంది, ఆయన దురదృష్టం.

అప్పుడే అదేటమ్మ నా చెయ్యి పట్టి లాగింది. "పిన్నీ, అంటుకుంటే సెడ్డదా? ఎందుకు సెడ్డది?"

జవాబు చెప్పకూడదు, వస్తువు చేతికివ్వాలి. చదివినదంతా ఆ క్షణంలో అక్కరకొచ్చింది. బల్ల మీద అమ్మకానికి పెట్టిన ఇండక్షన్ పొయ్యి ఉంది, దేవుడి దయవల్ల కరెంటూ ఉంది. అంటుకోని గిన్నె ఒకటి, అంటుకున్న గిన్నె ఒకటి తీసి రెండింట్లోనూ గ్లాసెడేసి నీళ్ళు పోశాను. "ముందు అనుకోండి" అన్నాను పెళ్ళివారితో. ఎవరికి తోచింది వాళ్ళు అనుకున్నారు. అంటుకోని గిన్నె పెడితే పొయ్యి కీచుమని కూతపెట్టి ఆగిపోయింది. మామ్మ నీళ్ళలో వేలు పెట్టి, "సల్లగే ఉన్నాది" అని ప్రకటించింది. అంటుకున్న గిన్నె పెట్టాను. కాసేపటికి అడుగున బుడగలు లేచాయి, ఆవిరొచ్చింది. మామ్మ మళ్ళీ వేలు పెట్టబోతే పెళ్ళికూతురు చెయ్యి పట్టుకుని ఆపింది.

"అయితే అయస్కాంతానికి ముందే తెలుసా, పొయ్యికి ఏది నచ్చుతాదో?" అంది అదేటమ్మ.

"తెలుసు" అన్నాను. అంతకన్నా మంచి పాఠం నేను ఇప్పటిదాకా ఎక్కడా చెప్పలేదు.

పెళ్ళికూతురు విజయనగరంలో అద్దింట్లో కాపురం పెట్టబోతోంది, అక్కడ ఉన్నది ఇండక్షన్ పొయ్యేనట. అంటుకున్న గిన్నెలన్నీ తీసుకున్నారు, అంటుకోని బిందెలన్నీ తీసుకున్నారు, పళ్ళాలు మాత్రం మామ్మ మంచిరకంలోకి మార్పించింది. అంతా మూటలు కట్టాక ఆమె పిల్ల చేతిలోంచి అయస్కాంతం మెల్లగా తీసుకుని బావకి చూపించి, "ఇది కూడా బిల్లులో ఎయ్యి బాబూ" అంది.

నా అరలో మొదటి బేరం అలా అయింది. "ఇంట్లో పిల్లలున్నారా మామ్మా?" అని ఆశగా అడిగాను. "లేరమ్మా. నాకే" అందామె, కొంగున ముడేసుకుంటూ. అదేటమ్మ గుక్కపట్టి ఏడిస్తే బావ స్వయంగా, తన చేత్తో, ఇంకో డబ్బా సీలు తీశాడు.

మామ్మ ఊరూరా చెప్పినట్టుంది. దసరాలోపు నా అయస్కాంతాలన్నీ ఖాళీ. కొన్నవాళ్ళలో ఒక్కరికీ అయిదేళ్ళుండవు. అందరూ అత్తగార్లూ, మామ్మలూ, పెళ్ళిపెద్దలూ. పిల్లల జిజ్ఞాస కోసం నేను ఏరి కోరి తెప్పించిన వస్తువు ముసలివాళ్ళ చేతుల్లో బిందెల మీద టకటకలాడింది. నాకు ఉక్రోషం వచ్చింది గానీ అర మిగిలింది, బస్సు తప్పింది. మెల్లగా చెక్క దిమ్మలు కూడా పోయాయి. (పూసల చట్రం వీపు గోక్కున్నావిడే వచ్చి కొనుక్కుంది.)

తర్వాత నాకు విజయనగరంలో ఒక బడిలో టీచరు ఉద్యోగం వచ్చింది, పెళ్ళి అయింది. సారె సామానంతా బావ కొట్లోదే. పసుపూ కుంకుమల పక్కన ఎర్రటి లాడం అయస్కాంతం ఒకటి పెట్టి, "పరీక్ష సేసుకో మరదలా" అన్నాడు బావ. అందరూ నవ్వారు. నేను దాన్ని ఫ్రిజ్ తలుపుకి అంటించి మరిచిపోయాను. పరీక్ష మాత్రం ఎప్పుడూ చెయ్యలేదు, ఏం తేలుతుందో అని.

మా అబ్బాయికి మూడేళ్ళు వచ్చాక, వేసవి సెలవుల్లో అదేటమ్మ మా ఇంటికొచ్చింది. పొడుగైంది, మాటలు తగ్గాయి. బడిలో ప్రశ్నలు అడిగే అలవాటు మాన్పించేస్తారు, టీచర్ని కదా, నాకు తెలుసు. ముగ్గురం గంటస్తంభం దగ్గర బొమ్మల కొట్టుకి వెళ్ళాం. దిద్దాల్సిన పేపర్లు ఇంట్లో కొండలా ఉన్నాయి, వీణ్ణి కాసేపు కదలకుండా కూర్చోబెట్టేది ఏదైనా దొరికితే చాలు నాకు. కొట్టతను ఒక రోబో తీసి ఇది పాడుతుంది, ఆడుతుంది, ఏబీసీడీలు చెబుతుంది అన్నాడు.

"ఇంకా ఏటి సేస్తాది?" అన్నాను.

అన్నాక గానీ ఆ మాట ఎవరిదో నాకు గుర్తురాలేదు. పక్కనుంచి అదేటమ్మ నెమ్మదిగా, "అన్నీ అదే సేసేస్తే తమ్ముడేటి సేస్తాడు పిన్నీ?" అంది. ఏమీ కొనకుండా ఇంటికొచ్చేశాం.

పేపర్లు ముందేసుకుని కూర్చున్నాను. వంటింట్లోంచి టకటక చప్పుడు. వెళ్ళి చూస్తే ఫ్రిజ్ మీది అయస్కాంతం మావాడి చేతిలో ఉంది, సారె సామానంతా నేల మీద ఉంది. "ముందు అనుకోవాల, తర్వాత అంటించాల" అని అదేటమ్మ తమ్ముడికి నేర్పుతోంది. నన్ను చూసి, "నువ్వూ అనుకో పిన్నీ. నాన్న ఇచ్చినవి" అంది.

మా బావ నాకు తెలియదా. "అంటుకుంటాది" అన్నాను.

బిందె అయింది, గంగాళం అయింది, పళ్ళాలన్నీ అయ్యాయి. ఒక్కదానికీ అంటుకోలేదు. మావాడు చప్పట్లు కొట్టాడు. నేను కొంగుతో కళ్ళు తుడుచుకుని, ఆటలో ఓడినందుకు అదేటమ్మ వేసిన శిక్ష ప్రకారం, సామానంతా మళ్ళీ సర్దాను.