తడి ఇసుక తిన్న బండి

నాలుగడుగుల రాతి వినాయకుణ్ణి ఆళ్లగడ్డ నుంచి కోయిలకుంట్ల దాకా, అప్పటి గుంతల రోడ్డు మీద, తొండం చివర గింజంత కూడా రాలకుండా చేర్చడం మా ఓంప్రకాష్ మొదటి గెలుపు. అది ఊరికే రాలేదు. అంతకు ముందు రెండుసార్లు వరిగడ్డి పరుపు మీద విగ్రహం జరిగి, దారిలో బండి ఆపుకొని, పొలాల్లో ఉన్నవాళ్లను పిలుచుకొని సర్దుకున్నాడు. మూడోసారి పికప్ తొట్టిలో జానెడు మందాన ఇసుక పోసి, బిందెలతో నీళ్లు చల్లి, అందులో స్వామిని పడుకోబెట్టినాడు. పొడి ఇసుక జారుతుంది, తడి ఇసుక పట్టుకుంటుంది. ఎవరూ నేర్పలేదు, వాడే కనిపెట్టినాడు.

ఇందులో గొప్పేముంది అనేవాళ్లకు చెప్తున్నాను. విగ్రహానికి ఒక్క వేలు విరిగినా పూజకు పనికిరాదు, శిల్పి కష్టమంతా మట్టి. అందుకే ఆళ్లగడ్డ శిల్పులు బండిని చూడరు, బండి తోలే మనిషిని చూస్తారు. శెట్ల ఇంట పుట్టినవాడు తక్కెడ పట్టుకోక స్టీరింగు పట్టుకున్నాడేమని నవ్వినవాళ్లున్నారు. వాడి పెదనాయనగా నా జవాబు ఒకటే. అనంతపురం, కడప, బళ్లారి, పాలమూరు, ఏ దిక్కుకు పోయి చూసినా మావాడు దించిన దేవుళ్లు నిండుగా నిలబడి ఉన్నారు. పదహారేళ్లలో ఒక ముక్కు పోలేదు, ఒక వేలు పోలేదు. మూడు ఊళ్లవాళ్లు శాలువా కప్పినారు. నలుగురు శిల్పులు ముందు మావాడికే కబురు పెడతారు.

ఈ జనవరి చివర్లో శిల్పి మౌనాచారి కబురు పెట్టినాడు. హిందూపురం పక్క ఒక ఊరికి ఎల్లమ్మ విగ్రహం పోవాల. ఫిబ్రవరి పన్నెండున ప్రతిష్ఠ. ఓంప్రకాష్ ఎప్పటిలాగే ఇసుక పోసి, నీళ్లు చల్లి, విగ్రహం దగ్గరికి తోలేదానికి బండిలో కూర్చొని తలుపు లాగితే పడలేదు. దిగి చూస్తే తొట్టి ఒక పక్కకు ఒరిగింది. కిందికి దూరి, బండి బరువంతా మోసే ఇనుప చట్టం, ఛాసిస్‌ను పానాతో తట్టినాడు. ఖంగుమనాల్సింది డబ్బుమనింది. తుప్పు మాడిన దోసె మాదిరి పొరలు పొరలుగా రాలింది. స్క్రూడ్రైవరు పెడితే లోపలికి దిగబడింది.

"ఏందప్పా, వంగిందా?" అన్నాడు మౌనాచారి.

"వంగలేదు సామీ, కుళ్లింది."

"అయితే వేరే బండి చూస్తా. అమ్మవారిని పెట్టి పందెం కాయలేను."

"ఆరో తేదీ పొద్దున దాకా ఆగు. అప్పటికి నేను రాకపోతే ఎవరికైనా ఇయ్యి."

ఈ పనిలో ఒకసారి వేరే బండి అడుగు పెట్టిందంటే పేరు పోయినట్టే. పోయిన పేరు మళ్లీ రాదు. మావాడికది తెలుసు.

ఖాళీ బండిని మెల్లగా నంద్యాలకు తోలుకుపోయినాడు. నేనూ పక్కన కూర్చున్నాను. మొదటి షెడ్డులో తుక్కుకు వేసెయ్ అన్నారు. రెండో షెడ్డు అతను కిందికి వంగి చూసి, "వెల్డింగు చెయ్యాలంటే అంటుకునేదానికి ఇనుముండాల గదన్నా" అని నవ్వినాడు. మూడోది లూదియా షెడ్డు. వాళ్ల నాయన పెట్టింది, ఇప్పుడు ఆమే నడుపుతాంది. మిల్లుల ట్రాక్టరు ట్రాలీలన్నీ ఆమె దగ్గరికే వస్తాయి.

ఆమె టార్చి వేసి చాలాసేపు చూసింది. "ఏందన్నా, దీంట్లో చేపలు పెంచినావా?"

"విగ్రహాలు తోల్తానమ్మా."

"దేవుళ్లకింత దప్పికా?"

మావాడు తడి ఇసుక సంగతి చెప్పినాడు. గొప్పగానే చెప్పినాడు. ఆమె గుడ్డతో చేతులు తుడుచుకుంటూ, "ఇదే దీన్ని తినింది. ఆ నీళ్లన్నీ సందుల్లోంచి ఛాసిస్ లోపలికి దిగినాయి. దేవుళ్లను కాపాడి బండిని చంపుతాండావు" అనింది.

"బాగవుతుందా, కాదా?"

"అవుతుంది. తడి ఇసుక మానుకుంటానంటేనే రాడ్డు అంటిస్తా. లేదంటే నేను వేసిన ఇనుమును కూడా తినిపిస్తావు."

ఓంప్రకాష్ డ్రమ్ము మీద కూర్చుండిపోయినాడు. వాడి పేరంతా ఆ ఇసుకలోనే ఉంది. అక్కడి నుంచే ఇంట్లో భార్య ఉషశ్రీకి ఫోను చేసినాడు.

"మన అంగడిలో ఖాళీ గోనె సంచులు ఎన్నున్నాయో అన్నీ ఏరి పెట్టు."

"అంగడి మూసేస్తాండావా ఏంది?"

"పొడి ఇసుక సగం సగం నింపల్ల. నిండు సంచి దొర్లుతుంది. సగం సంచి, మీద ఏముంటే దాని ఒంటికి సర్దుకుంటుంది."

ఎంత స్టీరింగు పట్టుకున్నా వాడు అంగడి పిల్లోడే. సంచి గుణం వాడికి తెలియకుండా పోతుందా!

ఆ మాట విని లూదియా పని మొదలుపెట్టింది. బ్యాటరీ వైరు పీకి, డీజిలు ట్యాంకు దించి, తొట్టి ఎత్తి పక్కన పెట్టించింది. గట్టి ఇనుము తగిలేదాకా కుళ్లినదంతా కోసింది. జాకీలు పెట్టి, దారం కట్టి వంకర చూసుకుంటూ ఛాసిస్‌ను సాపు చేసింది. మందపు రేకు వేసి, ఇక్కడింత అక్కడింత అతికింది. ఒకేచోట కాలిస్తే ఇనుము గుంజుకుంటుందంట. నీళ్లు నిలవకుండా అడుగున బెజ్జాలు వేసి, ఎర్ర రంగు కొట్టింది.

అయినా అమ్మవారిని ఎక్కించేదానికి మావాడు ఒప్పుకోలేదు. మౌనాచారి దొడ్లో చెయ్యి విరిగి మూలబడిన రాతి ద్వారపాలకుడు ఒకాయన ఉన్నాడు. ఆయన్ను సగం సంచుల మీద పడుకోబెట్టి, చుట్టూ సున్నంతో గీత గీసి, వెతికి వెతికి గుంతల దారిలో నంద్యాలకు తోలుకొచ్చినాడు. గీత దాటి ద్వారపాలకుడు వెంట్రుకవాసి జరగలేదు. లూదియా అతుకుల మీద కిరసనాయిలు పూసి, తుడిచి, సుద్ద రుద్దింది. పగులుంటే సుద్ద మీద నూనె గీత తేలుతుంది. మేం ముగ్గురం వంగి చూస్తాన్నాం. సుద్ద తెల్లగానే ఉంది.

"పో అన్నా ఇంక. ఆయనకు చెయ్యి ముందే లేదు గదా?"

"లేదమ్మా."

"అయితే నా మీదికి రావద్దు" అని నవ్వింది. నాకు అప్పుడు గదా ఆకలి తెలిసింది.

ఆరో తేదీ పొద్దున మౌనాచారి ద్వారపాలకుడి చుట్టూ గీసిన గీత చూసినాడు, సంచులు పిసికి చూసినాడు. "ఎక్కించండప్పా" అన్నాడు. అంతే.

మరుసటి దినం మధ్యాహ్నం ఫోను వచ్చింది. "పెదనాయనా, దించినాం. గోరంత పోలేదు."

"బండో?"

"నాకంటే బాగుంది."

పక్కనే ఉండి వింటున్న ఉషశ్రీ, నేను ఫోను పెట్టేయగానే, పొద్దున నుంచి ముట్టని అన్నం వడ్డించుకొని కూర్చునింది. దించినవాడే పీఠం మీదికి ఎక్కించాలని ఆ ఊరివాళ్లు మావాణ్ణి ఆపుకున్నారు. బుధవారం ప్రతిష్ఠ, గురువారం ఊరి మర్యాదలు. ఫిబ్రవరి పద్నాలుగు, శుక్రవారం పొద్దు గూకేలోపల మావాడు ఆళ్లగడ్డ చేరతాడు.